లాగాఫ్ మధ్యలో సెషన్ ఆగిపోతే సర్వర్ రీస్టార్ట్ చేయకండి

"అక్కా, ఒకాయన లాగాఫ్ కొడితే చక్రం తిరుగుతూనే ఉంది. సర్వర్ రీస్టార్ట్ చేసేయనా?"

చెన్నై గిండీలో మా ఆఫీసు. మావాళ్లంతా రిమోట్ డెస్క్‌టాప్ ద్వారా ఒకే విండోస్ సర్వర్‌లోకి వెళ్లి పనిచేస్తారు. అలా లోపలికి వెళ్లిన ఒక్కొక్కరికీ ఒక్కో సెషన్ తెరుచుకుంటుంది. కొత్తగా చేరిన నెల్లూరు కుర్రాడు పోయిన నెల 10వ తేదీ సాయంత్రం అడిగిన మాట ఇది. మర్నాడే జీఎస్టీఆర్-1, అంటే అమ్మకాల వివరాలిచ్చే జీఎస్టీ రిటర్ను, దాని గడువు. అదే సర్వర్‌లో అకౌంట్స్ వాళ్లు పదకొండు మంది వోచర్లు ఎక్కిస్తున్నారు. ఆగమని అరిచి పరుగెత్తాను. నేను ఇదివరకు పనిచేసిన చోట ఇలాగే ఒకరు రీస్టార్ట్ కొట్టేస్తే, ఒకావిడ మధ్యాహ్నమంతా చేసిన ఎంట్రీలు పోయాయి. పాపం, రాత్రి పదకొండింటి దాకా కూర్చుని అవన్నీ మళ్లీ ఎక్కించింది. ఆవిడ ముఖం నాకింకా గుర్తుంది.

ముందు సెషన్ ఆగిపోయిన మనిషి నిజంగా లాగాఫ్ చేశారా, పైన ఇంటూ గుర్తు నొక్కి విండో మూసేశారా అన్నది తేల్చుకోండి. ఇంటూ నొక్కితే అది డిస్‌కనెక్ట్ మాత్రమే. తెరిచిన ప్రోగ్రాములన్నీ సర్వర్‌లో నడుస్తూనే ఉంటాయి. సర్వర్‌లో కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి 'క్వెరీ యూజర్' అని ఇంగ్లిష్‌లో కొట్టండి. ఎవరెవరు ఉన్నారో, ఒక్కొక్కరి సెషన్ ఐడీ ఎంతో, యాక్టివా డిస్కా (అంటే డిస్‌కనెక్ట్ అయ్యారా), ఎంతసేపటి నుంచి కదలకుండా ఉన్నారో వరుసగా చూపిస్తుంది. ఐడీ నంబరును కాగితం మీద రాసుకోండి. తొందరలో ఒక్క అంకె తప్పు కొడితే పక్కవాళ్ల పని పోతుంది.

తర్వాత ఆ మనిషికి ఫోన్ చేయండి. ఈ మెట్టు దాటేయకండి. సేవ్ చేయని ఫైలు ఏదైనా ఉందా అని అడగండి. 'సేవ్ చేయాలా?' అనే చిన్న పెట్టె ఇంకో విండో వెనక దాక్కుని ఉన్నా లాగాఫ్ ముందుకు కదలదు. మళ్లీ లోపలికి వెళ్లగలిగితే వాళ్లే దాన్ని మూసేయొచ్చు.

అలా కుదరకపోతే టాస్క్ మేనేజర్‌లో యూజర్స్ ట్యాబ్‌కి వెళ్లి, వాళ్ల పేరు పక్కన బాణం గుర్తు నొక్కండి. ఇంకా బతికి ఉన్న ప్రోగ్రాములు కనిపిస్తాయి. మాకు ఆ రోజు దొరికింది ఎస్‌పీఎల్‌వావ్64. 64 బిట్ విండోస్‌లో 32 బిట్ ప్రోగ్రాములు ప్రింట్ తీసేటప్పుడు మధ్యవర్తిగా పనిచేసేది అదే. సెషన్ ఆగిపోయిన ఆయన తన ఇంట్లో ఉన్న ప్రింటర్‌కి సర్వర్ నుంచి ప్రింట్ ఇచ్చి, అది పూర్తి కాకముందే లాగాఫ్ నొక్కారు. ఆ ఒక్కదాన్ని ఎండ్ టాస్క్ చేయగానే సెషన్ ముగిసింది. మిగతా పదకొండు మందికి ఏం జరిగిందో కూడా తెలియదు.

ప్రోగ్రాములేవీ కనిపించకపోయినా సెషన్ వేలాడుతుంటే కమాండ్ ప్రాంప్ట్‌లో 'లాగాఫ్' అని కొట్టి, ఖాళీ వదిలి, రాసుకున్న ఐడీ ఇవ్వండి. రెండు మూడు నిమిషాలు ఆగండి. అప్పటికీ పోకపోతే టాస్క్ మేనేజర్ డీటెయిల్స్ ట్యాబ్‌లో సెషన్ ఐడీ కాలమ్ తెప్పించుకుని, అదే ఐడీ ఉన్న విన్‌లాగాన్‌ను, అంటే లాగిన్, లాగాఫ్‌లు చూసుకునే విండోస్ ప్రోగ్రామ్‌ను, ఆపండి. ఇది చివరి అస్త్రం. దాని పక్కనే కనిపించే సీఎస్ఆర్ఎస్ఎస్‌ను మాత్రం ముట్టుకోవద్దు, సర్వరే కూలిపోతుంది. సెషన్ 0 సర్వీసులది, దాని జోలికీ వెళ్లకండి.

గండం గడిచాక కారణం వెతకాలి. విండోస్‌లో జరిగినవి నమోదయ్యే ఈవెంట్ వ్యూయర్‌లో టెర్మినల్ సర్వీసెస్ లోకల్ సెషన్ మేనేజర్ కింద ఆపరేషనల్ లాగ్ తెరవండి. ఈవెంట్ నంబరు 24 అంటే డిస్‌కనెక్ట్, 23 అంటే లాగాఫ్ పూర్తయింది. 24 ఉండి, అదే సెషన్‌కి 23 ఎక్కడా లేకపోతే సెషన్ ముగియలేదన్నమాట. అప్లికేషన్ లాగ్‌లో యూజర్ ప్రొఫైల్ సర్వీస్ రాసే 1530 ఇంకా పనికొస్తుంది. లాగాఫ్ సమయంలో ఆ యూజర్ రిజిస్ట్రీని (సెట్టింగులు దాచే చోటుని) వదలకుండా పట్టుకున్న ప్రోగ్రామ్ పేరు అందులోనే ఉంటుంది. ఒకసారి కనిపిస్తే టెన్షన్ పడక్కర్లేదు. రోజూ అదే పేరు వస్తుంటే దాన్ని అప్‌డేట్ చేయించండి. అదే లాగ్‌లో 1511 కనిపిస్తే ఆ యూజర్ తాత్కాలిక ప్రొఫైల్‌లో ఉన్నట్టు. డెస్క్‌టాప్ మీద ఏమీ సేవ్ చేయవద్దని వెంటనే చెప్పండి, లాగాఫ్ అయితే అవన్నీ చెరిగిపోతాయి.

డిస్‌కనెక్ట్ అయిన సెషన్లు వాటంతట అవే ముగిసేలా గ్రూప్ పాలసీలో రిమోట్ డెస్క్‌టాప్ సెషన్ హోస్ట్ కింద సెషన్ టైమ్ లిమిట్స్‌లో గడువు పెట్టొచ్చు. నేను రెండు గంటలు పెట్టాను. గడువు తీరితే సేవ్ చేయని పని కూడా పోతుంది కాబట్టి ముందు అందరికీ మెయిల్ పెట్టాను, అకౌంట్స్ వాళ్లకైతే బల్ల బల్లకీ వెళ్లి చెప్పాను. ప్రతి నెలా జీఎస్టీ గడువులు దగ్గరపడే రోజుల్లో, అంటే 8 నుంచి 11 దాకా, 18 నుంచి 20 దాకా వాళ్ల గ్రూపుకి ఆ గడువును ఎనిమిది గంటలకు పెంచుతాను.