రెండు లైన్ల టెలిఫోను: రెండో లైను పలకనప్పుడు ఏం చూడాలి?

ఒకే ఫోనులో రెండు నంబర్లు పెట్టుకున్న ఇళ్లలో, ఆఫీసుల్లో వచ్చే ఇబ్బందులకు చాలావరకు కారణం ఫోనులో కాక తీగలోనో, బయటి నుంచి వచ్చే తీగను ఫోను తీగతో కలిపే గోడ మీది రోజెట్ పెట్టెలోనో ఉంటుంది. అందువల్ల ఏ లోపం కనిపించినా, ముందుగా ఒక మామూలు ఫోనును తెచ్చి ఒక్కో లైనుకు విడివిడిగా తగిలించి చూడాలి. అందులోనూ డయల్ టోన్ (రిసీవరు ఎత్తగానే వినిపించే మోత) రాకపోతే ఫోనును విప్పవలసిన పని లేదు.

సమస్య: మొదటి లైను బాగానే ఉంది, రెండో లైనులో టోన్ లేదు.

కొత్తపట్నం దగ్గర రొయ్యపిల్లల హేచరీ ఆఫీసులో నేను పనిచేస్తున్నప్పుడు, బల్ల జరపవలసి వచ్చి బజారు నుంచి ఫోనును గోడ పెట్టెకు కలిపే పొడవాటి కార్డు (ప్లగ్గులున్న తీగ) తెచ్చి వేశాను. ఆ రోజు నుంచే రెండో లైను మూగబోయింది. రెండు రోజులపాటు లైను చెడిందనే అనుకుని ఫిర్యాదు కూడా రాయించాను. తీరా చూస్తే కొత్త కార్డులో ఉన్నవి రెండే తీగలు. కార్డు చివరి ప్లగ్గును వెలుతురుకు ఎత్తి చూస్తే లోపలి రాగి పలకలు కనిపిస్తాయి. రెండు లైన్లకు నాలుగు ఉండాలి. సాధారణంగా మధ్యలోని ఎరుపు, ఆకుపచ్చ జత మొదటి లైనుది, అంచుల్లోని నలుపు, పసుపు జత రెండో లైనుది. నాలుగు తీగల కార్డు వేస్తే సరిపోతుంది. ఫోను వెనుక రెండు సాకెట్లు విడిగా ఉంటే రెండు కార్డులు వేయవచ్చు.

సమస్య: గరగర శబ్దం, వాన పడితే మరీ ఎక్కువ.

సముద్రపు గాలి తగిలే ఊళ్లలో రాగి తీగ కొసలకు చిలుము పడుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల తేమ దానికి తోడవుతుంది. చిలుము పట్టినంత మేర తీగను కత్తిరించి, కొత్త కొసను మరలో బిగించాలి. అయితే లైను ఊరికే ఉన్నప్పుడు దాదాపు 48 వోల్టులు ఉండే విద్యుత్తు, గంట మోగేటప్పుడు 75 నుంచి 90 వోల్టుల దాకా చేరుతుంది. తడి చేతులతో పట్టుకున్న క్షణంలోనే ఎవరో ఒకరు ఫోను చేస్తారు కాబట్టి, చేతులు ఆరబెట్టుకుని, పిడికి తొడుగున్న స్క్రూడ్రైవరుతోనే పని చేయాలి. వాన లేకున్నా బుస్సుమనే శబ్దం ఆగకపోతే, అదే లైనులో రాగి తీగ బ్రాడ్‌బ్యాండ్ ఉందేమో చూసి, ఆ శబ్దాన్ని ఫోనుకు చేరకుండా ఆపే ఫిల్టరు పెట్టాలి. చాలా ఫిల్టర్లు మధ్య జతకే పనిచేస్తాయి గనుక బ్రాడ్‌బ్యాండును మొదటి లైనులో ఉంచుకోవడం మేలు.

కాల్ వచ్చినప్పుడు ఫోను మీది లైను దీపం మిణుకుమంటున్నా గంట మోగకపోతే, ఆ లైనుకు విడిగా ఉండే రింగరు మీటను చూడండి.

సమస్య: రెండో కాల్ ఎత్తగానే మొదటిది తెగిపోతోంది.

చాలా మోడళ్లలో హోల్డ్ నొక్కకుండా రెండో లైను మీట నొక్కితే మొదటి కాల్ పోతుంది. ముందు హోల్డ్, తర్వాతే లైను మీట. హోల్డుకు బదులు రిసీవరుకు చెయ్యి అడ్డం పెట్టేవారూ ఉన్నారు. ఒక కొనుగోలుదారుకు చెప్పే ధర మరొకరి చెవిన పడేది అలాగే. కాన్ఫరెన్సు మీట ముగ్గురినీ కలుపుతుంది. అప్పుడు మాటలు కాస్త సన్నగా వినిపించడం లోపం కాదు.

సమస్య: కరెంటు పోగానే రెండు లైన్లూ మూగబోతున్నాయి.

పాత రాగి లైనుకు విద్యుత్తు ఎక్స్ఛేంజీ నుంచే వచ్చేది. ఫైబరు కనెక్షన్లో మాత్రం ఇంట్లోని పెట్టెకు కరెంటు ఉంటేనే ఫోను పలుకుతుంది. తుపాను రాత్రుల్లో ఫోను కావాలనుకుంటే, ఆ పెట్టెను కూడా ఇన్వర్టరుకు కలపాలి. ఫోనుకు అడాప్టరు ఉంటే అదీ దానికే. ఉరుముల వేళ తీగ ఉన్న రిసీవరు చెవిన పెట్టకండి. మబ్బు పట్టినప్పుడే లైను కార్డులనూ అడాప్టరునూ ఊడదీసి ఉంచితే మంచిది, పిడుగు పడుతుండగా వాటిని ముట్టుకోరాదు.