అమ్మమ్మ జాలీ బీరువాకు రంగు ఎలా వేయాలి?

అమ్మమ్మ పోయాక నెల్లూరులో ఇల్లు ఖాళీ చేస్తుంటే జాలీ బీరువాను ఎవరూ అడగలేదు. పాలు, పెరుగు, నెయ్యి, ఊరగాయ జాడీలు అన్నీ అందులోనే ఉండేవి. మినీ లారీలో ఎక్కించి చెన్నై పెరంబూర్‌లోని మా ఫ్లాటుకు తెచ్చుకున్నాను. దానికి రంగు వేస్తూ నేర్చుకున్నదే ఇక్కడ రాస్తున్నాను. పెట్టె అయినా, మంచం అయినా, బల్ల అయినా పని ఇంచుమించు ఇలాగే ఉంటుంది.

ముందు అసలు రంగు వేయాలా వద్దా తేల్చుకోండి. వెనకవైపు కాస్త గీకి చూడండి. మంచి టేకు అయితే దయచేసి పాలిష్ చేయించండి. రంగు ఒకసారి చెక్కలోకి దిగితే మళ్లీ పూర్తిగా తీయడం చాలా కష్టం. మా బీరువా మామిడి చెక్క, మధ్యలో వేరే చెక్కతో అతుకులు కూడా ఉన్నాయి. దానికి రంగే మేలు.

తర్వాత పురుగు సంగతి. సన్నటి గుండ్రటి రంధ్రాలు కనిపిస్తే కింద నల్ల కాగితం పరిచి వారం రోజులు కదపకుండా ఉంచండి. కాగితం మీద కొత్తగా పొడి రాలితే పురుగు ఇంకా బతికే ఉందని అర్థం. గ్లౌజులు వేసుకుని సిరంజితో రంధ్రాల్లోకి చెక్క పురుగు మందు ఎక్కించి, డబ్బా మీద రాసినన్ని రోజులు ఆగాలి. పురుగు ఉండగా పైన రంగు వేస్తే లోపల చెక్క గుల్లవుతూనే ఉంటుంది.

పాత రంగు ఉన్న సామానుతో ఒక జాగ్రత్త తప్పనిసరి. ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్లలో 90 పాళ్లు) దాటకూడదనే నియమం మన దేశంలో 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది. అంతకుముందు వేసిన రంగులో సీసం ఎక్కువ ఉండే అవకాశం ఉంది. కాబట్టి పొడిగా రుద్దకండి. వాటర్‌ప్రూఫ్ ఉప్పుకాగితంతో తడిపి రుద్దండి, ఎన్95 మాస్క్ పెట్టుకోండి. పిల్లల్ని, గర్భిణుల్ని ఆ దరిదాపులకు రానివ్వకండి. రాలినదాన్ని చీపురుతో ఊడవకుండా తడిగుడ్డతో ఎత్తేయండి.

వంటింటి సామానుకు అసలు శత్రువు జిడ్డు. ఏళ్ల తరబడి పట్టిన నెయ్యి, నూనె మీద ఏ రంగూ నిలవదు. గోరువెచ్చని నీళ్లలో చాకలి సోడా కలిపి, గుడ్డను గట్టిగా పిండి తుడవండి. నాకు మూడుసార్లు పట్టింది. చివర్లో మంచినీళ్లతో తుడిచి రెండు రోజులు నీడలో ఆరనివ్వాలి. ఎండలో పెడితే పలకలు వంగిపోతాయి.

ఇప్పుడు బందులు, గొళ్లెం, జాలీ ఊడదీయండి. జాలీ ఉండగానే రంగు వేస్తే కన్నాలు మూసుకుపోతాయి. మాది తుప్పు పట్టి ఉంటే స్టీలు జాలీ కొట్టించాను. పాత మేకు రంధ్రాల్లో చెక్కపొట్టు, ఫెవికాల్ కలిపిన ముద్ద నింపాలి. అది ఆరాక 120 నంబరు ఉప్పుకాగితంతో, ఆ తర్వాత 220తో చెక్క గీతల వెంబడి రుద్దాలి; పాత రంగు ఉంటే ముందు చెప్పినట్టు తడిపే రుద్దాలి. చెన్నై షాపుల్లో 'ఉప్పుత్తాళ్' అని అడిగితే వెంటనే ఇస్తారు. మెరుపు పోయి గరుకు తేలితే చాలు, చెక్క బయటపడక్కర్లేదు.

చీమలు ఎక్కకుండా అమ్మమ్మ బీరువా కాళ్లను నీళ్ల గిన్నెల్లో పెట్టేది. ఆ కాళ్లు అడుగునుంచి తడి పీల్చి మెత్తబడ్డాయి. మీ ఇంట్లోనూ అలాగే ఉంటే బీరువాను పడుకోబెట్టి, కాళ్లు బాగా ఆరాక అడుగు భాగానికి రెండు పూతలు ప్రైమర్ (రంగుకు ముందు వేసే పూత) వేయండి. ఈ చోటును చాలామంది వదిలేస్తారు.

మిగతా అంతటికీ ఒక పూత ప్రైమర్ చాలు. నూనె మరకలు పైకి తేలేలా ఉంటే, ప్రైమర్‌కు ముందు ఆ చోట లక్క పాలిష్ ఒక పూత పూయండి. ప్రైమర్ రాత్రంతా ఆరాక 220తో తేలిగ్గా రుద్ది, దుమ్ము తుడిచి, ఎనామిల్ రంగు రెండు పల్చటి పూతలు వేయండి. పూతకూ పూతకూ మధ్య ఒక రాత్రి విడవాలి. రంగును పల్చన చేసే టర్పెంటైన్‌కు మంట తగిలితే ప్రమాదం, కిటికీలు తెరిచి పొయ్యికి దూరంగా పని చేసుకోండి.

చెన్నైలో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈ పని పెట్టుకోకండి. నేను మొదట నవంబరు వానల్లో వేశాను. వారమైనా వేలికి అంటుకుంటూనే ఉంది, మొత్తం గీకి మళ్లీ మొదలుపెట్టాల్సి వచ్చింది. జనవరి నుంచి మార్చి దాకా మంచి కాలం. తాకితే ఆరినట్టే ఉన్నా, ఇంకో వారం దాకా బరువులు పెట్టకండి.

లోపల మాత్రం రంగు వేయలేదు. తినేవి పెట్టే చోట ఆ వాసన వద్దనుకున్నాను. ఇంకో కారణం కూడా ఉంది. తలుపు లోపలివైపు అమ్మమ్మ పెన్సిల్‌తో గీసిన పాల లెక్క గీతలు ఉన్నాయి, అయిదేసి చొప్పున కట్టలుగా. మీ సామానులోనూ అలాంటివి ఉంటే, సోడా నీళ్లు పట్టుకోకముందే వెతకండి. ఆ చోటును పొడిగుడ్డతో మాత్రమే తుడిచి, పైన కాగితం పరిచి, అంచులకు మాస్కింగ్ టేపు వేసి ఆ తర్వాతే పని మొదలుపెట్టండి.