నలభై దాటాక గిటార్ – 6వ పాఠం: పాటని మన గొంతుకు దించుకోవడం

కిందటి పాఠంలో ఇ, ఏ, బి7 అనే మూడు కార్డ్స్‌తో ఒక పాట మొత్తం వాయించాం. 'ఇన్ స్పైట్ ఆఫ్ ఆల్ ద డేంజర్'. 1958లో లివర్‌పూల్‌లో పెర్సీ ఫిలిప్స్ అనే ఆయన ఇంట్లోనే నడిపే చిన్న స్టూడియోకి వెళ్లి, క్వారీమెన్ కుర్రాళ్లు సొంత డబ్బులతో రికార్డు చేయించుకున్న పాట అది. బీటిల్స్ అన్న పేరు అప్పటికింకా లేదు. ఆ రోజు ముందుండి పాడింది జాన్ లెనన్. 2022 జూన్‌లో గ్లాస్టన్‌బరీ ఉత్సవంలో, ఎనభై నిండిన వారానికి, పాల్ మెకార్ట్నీ ఆ పాటని మళ్లీ ఎత్తుకున్నారు.

మీరూ పాడి చూసే ఉంటారు. చేతులు బాగానే తిరిగాయి, గొంతే పై మాటల దగ్గర పట్టేసింది. అది మీ తప్పు కాదు. ఆ పాట పద్దెనిమిది కూడా నిండని గొంతుల కోసం పుట్టింది. రెడీమేడ్ చొక్కా కొని భుజాల దగ్గర ఆల్టరేషన్ చేయించుకుంటాం కదా, ఇవాళ నేర్చుకునేది అదే పని.

ముందు మనసులో ఉన్న మొహమాటం తీసేద్దాం. శ్రుతి దించితే పాటని పాడుచేసినట్టు కాదు. వయసు పైబడిన విద్వాంసులు కచేరీలో అర కట్ట, కట్ట తగ్గించుకోవడం మనకి తెలిసిందే. ఊళ్లో ఆర్కెస్ట్రా వాళ్లు కీబోర్డు మీద ట్రాన్స్‌పోజ్ బటన్ నొక్కేది కూడా ఇందుకే. సరిగమల మధ్య దూరాలు మారనంత వరకు పాట మారదు. స మొదలయ్యే చోటు మాత్రమే మారుతుంది. గిటార్ మీద ఒక్కో ఫ్రెట్ అర కట్ట దూరం, అంటే ఒక సెమిటోన్. పన్నెండు ఫ్రెట్లు దాటితే పై స్థాయిలో మళ్లీ అదే స్వరం. ఈపాటి లెక్క చాలు.

మీ గొంతుకి పైకప్పు ఎక్కడుంది?

ట్యూనర్ పెట్టి గిటార్‌ని మామూలు శ్రుతికి తెచ్చుకోండి. మగవాళ్లయితే రెండో తీగ ఓపెన్‌గా, అంటే ఏ ఫ్రెట్టూ నొక్కకుండా మీటి, దాంతో కలిపి 'ఆ' అనండి. తర్వాత ఒకటో ఫ్రెట్, రెండో ఫ్రెట్, మూడో ఫ్రెట్. అయిదో ఫ్రెట్ దగ్గర వచ్చే స్వరం, మొదటి తీగ ఓపెన్‌గా మీటితే వచ్చే స్వరం ఒకటే కాబట్టి అక్కడినుంచి మొదటి తీగ మీదకి వెళ్లండి. ఆడవాళ్లు నేరుగా మొదటి తీగ ఓపెన్ దగ్గరే మొదలుపెట్టి పైకి వెళ్లండి.

ఎక్కుతూ పోతే ఒక చోట గడ్డం దానంతట అదే పైకి లేస్తుంది, కనుబొమలు ముడిపడతాయి. అద్దం ముందు కూర్చుంటే ఆ క్షణం స్పష్టంగా దొరుకుతుంది. అది మీ పైకప్పు కాదు, మీరు దాన్ని దాటేశారని గుర్తు. అక్కడినుంచి రెండు ఫ్రెట్లు వెనక్కి రండి. నాలుగు నిమిషాల పాటని టెన్షన్ లేకుండా పాడగలిగే ఎత్తు అది. కాగితం మీద రాసుకోండి: ఏ తీగ, ఎన్నో ఫ్రెట్.

ఇప్పుడు పాట సంగతి. పాటలో అన్నింటికన్నా పైకెళ్లే మాట ఏదో పట్టుకుని, కూనిరాగం తీస్తూ అదే తీగ మీద వెతకండి. మాటవరసకి అది మొదటి తీగ రెండో ఫ్రెట్ మీద దొరికింది, మీ పైకప్పేమో మొదటి తీగ ఓపెన్ అనుకుందాం. తేడా రెండు ఫ్రెట్లు. అంటే పాటని రెండు సెమిటోన్లు దించాలి.

ఇక్కడే చాలామంది ఆగిపోతారు. ఇంకొక్కటి చూడాలి: పాటలో అన్నింటికన్నా కింది స్వరం. దించాక అది గొణుగుడులోకి పోతే రెండు బదులు ఒక్క సెమిటోనే దించి, పైన ఇబ్బంది పెట్టే ఆ ఒక్క మాట రాగాన్ని కాస్త మార్చుకోండి. ఎల్టన్ జాన్ చేసింది ఇంచుమించు ఇదే. 1987లో గొంతుకు ఆపరేషన్ అయ్యాక ఆయన స్వరం బరువెక్కింది. 'గుడ్‌బై యెల్లో బ్రిక్ రోడ్' కోరస్‌లో కుర్రతనంలో ఫాల్సెటోతో, అంటే దొంగగొంతుతో అందుకున్న పై స్వరాలని ఆ తర్వాత స్టేజీ మీద వదిలేసి, రాగాన్ని కింద తిప్పి పాడారు. జనం అలాగే విన్నారు. 2023 జూలైలో స్టాక్‌హోమ్‌లో వీడ్కోలు యాత్ర ముగిసేదాకా విన్నారు.

ఒకటో దారి: కార్డ్స్ మార్చడం

ఇ, ఏ, బి7 అని పేర్లు గుర్తుపెట్టుకోకండి. ఇ ఉన్న చోటు ఒకటి, ఏ ఉన్న చోటు నాలుగు, బి7 ఉన్న చోటు అయిదు. రాక్ పాటల్లో చాలా వాటికి ఈ మూడు అంకెలే పునాది. రెండు సెమిటోన్లు దించితే ఇ కాస్తా డి అవుతుంది, ఏ జి అవుతుంది, బి7 ఏ7 అవుతుంది. పైగా డి, జి, ఏ7 వేళ్లకి ఇంకా సులువు. బి7తో కుస్తీ పట్టినవాళ్లకి ఇది బోనస్.

నాలుగు దించాలంటే సి, ఎఫ్, జి7. ఒకే వేలితో తీగలన్నీ అడ్డంగా నొక్కే ఎఫ్ బారె కార్డ్ ఇంకా రాలేదు కదా, దాని సంగతి కాపో (మెడకి బిగించి తీగలన్నీ ఒక ఫ్రెట్ దగ్గర నొక్కి ఉంచే క్లిప్పు) దగ్గర చూద్దాం.

రెండో దారి: తీగలే వదులు చేయడం

నాకు ఇష్టమైనది ఇదే, అందుకే దీని దగ్గర కాసేపు ఆగుతాను.

2007 డిసెంబర్ 10న లండన్ ఓ2 ఎరీనాలో లెడ్ జెపెలిన్ మళ్లీ కలిసి వాయించింది. అసలు నవంబర్‌లో జరగాలి. గిటారిస్ట్ జిమ్మీ పేజ్ వేలు విరగడంతో వాయిదా పడింది. పేజ్‌కి అప్పుడు 63 ఏళ్లు, గాయకుడు రాబర్ట్ ప్లాంట్‌కి 59. డ్రమ్స్ మీద 1980లో చనిపోయిన జాన్ బోనమ్ కొడుకు జేసన్. 1971 నాటి 'స్టెయిర్‌వే టు హెవెన్' రికార్డులో ఏ మైనర్‌లో ఉంటుంది. ఆ రాత్రి దాన్ని ఒక టోన్, అంటే రెండు సెమిటోన్లు కిందికి, జి మైనర్‌లో వాయించారు. పాత రికార్డు వెంటనే వింటే తేడా తెలుస్తుంది, లేకపోతే తెలియదు. ప్లాంట్ చివరి భాగంలో కేకలు వేయలేదు, పాడారు. ఇరవై రెండేళ్లప్పటి అరుపుని అనుకరించబోయి బొంగురుపోవడం కన్నా ఇది నాకు వెయ్యి రెట్లు నయం అనిపిస్తుంది.

గిటార్ మొత్తాన్ని వదులు చేయడంలో లాభం ఏమిటంటే మీ వేళ్లు పాత చోట్లే ఉంటాయి. ఓపెన్ తీగల మోత అలాగే ఉంటుంది. రిఫ్ (పాటలో మళ్లీ మళ్లీ వచ్చే గిటార్ ముక్క) తెలిసిన చేతికి కొత్తగా నేర్చుకునేది ఏమీ ఉండదు.

ఒక టోన్ దించే పద్ధతి. ఆరో తీగ, అంటే లావుపాటిది, ఇ శ్రుతిలో ఉంది. నాలుగో తీగ ఓపెన్ డి. దాన్ని ముట్టుకోకుండా, ఆరో తీగని మెల్లగా వదులు చేస్తూ రెండింటినీ కలిపి మీటండి. మొదట్లో అలల్లా ఊగే మోత వినిపిస్తుంది. దగ్గరయ్యేకొద్దీ ఆ ఊగిసలాట నెమ్మదిస్తుంది, ఒక చోట ఆగిపోయి రెండూ ఒకే స్వరం పై స్థాయి, కింది స్థాయిలా కలిసిపోతాయి. ఇక ఆరో తీగ అయిదో ఫ్రెట్ మీద వేలు పెడితే వచ్చేదానికి అయిదో తీగని కలపండి. అయిదో తీగ అయిదో ఫ్రెట్‌కి నాలుగో తీగని. నాలుగో తీగ అయిదో ఫ్రెట్‌కి మూడో తీగని. మూడో తీగ దగ్గర మాత్రం నాలుగో ఫ్రెట్, దానికి రెండో తీగ. రెండో తీగ అయిదో ఫ్రెట్‌కి మొదటి తీగ. పైనుంచి కిందికి ఇప్పుడు మీ గిటార్ డి, జి, సి, ఎఫ్, ఏ, డి.

అయిపోయిందనుకుని వాయిస్తే అపశ్రుతి వస్తుంది. తీగల లాగుడు తగ్గేసరికి మెడ కొంచెం వెనక్కి సర్దుకుంటుంది, మొదట సరిచేసిన తీగలు కాస్త పైకి జారతాయి. అందుకే రెండో చుట్టు తప్పనిసరి. చివర్లో ట్యూనర్‌తో సరిచూసుకోండి, చెవికి పరీక్ష పెట్టుకున్నట్టూ ఉంటుంది. లావు తీగ ఫ్రెట్లకి తగిలి జివ్వుమంటే తీగల సెట్టు ఒక సైజు లావుది వేసుకోవాలి. రోజూ దించడం, ఎక్కించడం మాత్రం చేయకండి. తీగలు త్వరగా పాడవుతాయి.

వదులు తీగలు వేళ్లకి కూడా హాయి. బ్లాక్ సబ్బాత్ బ్యాండ్ గిటారిస్ట్ టోనీ అయోమీ పదిహేడేళ్లప్పుడు బర్మింగ్‌హామ్‌లో రేకుల ఫ్యాక్టరీలో కుడిచేతి రెండు వేళ్ల కొనలు పోగొట్టుకున్నారు. ఆయనది ఎడమచేతి వాటం, కాబట్టి తీగలు నొక్కాల్సింది ఆ చేతితోనే. ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్లకి తొడుగులు చేసుకున్నారు, పల్చటి తీగలు వేసుకున్నారు. 1971లో వచ్చిన 'మాస్టర్ ఆఫ్ రియాలిటీ' ఆల్బమ్‌కి వచ్చేసరికి కొన్ని పాటల్లో తీగల్ని మూడు సెమిటోన్లు దించేశారు. ఆ బరువైన మోతే తర్వాత ఎన్నో బ్యాండ్లకి దారి అయింది. 2025 జూలై 5న విల్లా పార్క్‌లో పాత సభ్యులు నలుగురూ చివరిసారి కలిసి వాయించినప్పుడు కూడా అయోమీ చేతికి తొడుగులున్నాయి.

మూడో దారి: కాపో

కాపో శ్రుతిని పెంచుతుంది కానీ దించదు. అయినా దించడానికి పనికొస్తుంది: ముందు ఎక్కువ దించేసి, కాపోతో కొంచెం పైకి తెచ్చుకుంటాం. ఇ నుంచి ఒక్క సెమిటోన్ దించాలా? డి షేప్స్ పట్టుకుని ఒకటో ఫ్రెట్‌లో కాపో. మూడు దించాలా? ఏ, డి, ఇ7 షేప్స్, నాలుగో ఫ్రెట్‌లో కాపో. నాలుగు దించాలా? అవే షేప్స్, మూడో ఫ్రెట్. ఎఫ్ బారె కార్డ్ బెడద తప్పింది.

రోలింగ్ స్టోన్స్ గిటారిస్ట్ కీత్ రిచర్డ్స్ 'టంబ్లింగ్ డైస్' వాయించేది నాలుగో ఫ్రెట్ కాపోతోనే. ఆయన గిటార్‌కి అయిదు తీగలే, శ్రుతి ఓపెన్ జి, అంటే ఏమీ నొక్కకుండా మీటినా జి కార్డ్ పలుకుతుంది. ఆ షేప్‌లో ఉన్న ఊపు మామూలు శ్రుతిలో రాదు, అందుకే స్వరస్థానం మార్చాల్సి వస్తే కాపోని జరుపుతారు తప్ప షేప్ వదలరు.

ఒక ఇబ్బంది చెప్పాలి. కాపో పైకెళ్లేకొద్దీ గిటార్ మోత మాండొలిన్ లాగా సన్నబడుతుంది. గొంతు కిందికి, గిటార్ పైకి పోయినట్టుంటుంది. బరువైన పాటకి రెండో దారే సరి, ఊగే పాటకి కాపో సరిపోతుంది.

దించకూడని పాటలుంటాయా అని అడగొచ్చు. మెకార్ట్నీ చాలా పాటల్ని ఇప్పటికీ అసలు శ్రుతిలోనే పాడతారు. గొంతు కొన్ని చోట్ల వణుకుతుంది, ఆయన ఖాతరు చేయరు. కొందరికి ఆ వణుకే నచ్చుతుంది. నాకు 'బ్లాక్‌బర్డ్'లో నచ్చుతుంది, గట్టిగా అరవాల్సిన పాటల్లో నచ్చదు. డీప్ పర్పుల్ గాయకుడు ఇయన్ గిల్లన్‌ది ఇంకో నిర్ణయం: 1970 నాటి 'చైల్డ్ ఇన్ టైమ్'లో ఆ కేకలు లేకపోతే పాటే లేదు. అందుకని 2002 తర్వాత దాన్ని కచేరీ జాబితాలోంచే తీసేశారు.

దించడం వల్ల పాటకి కొత్త అర్థం రావడం వినాలంటే జోనీ మిచెల్ 'బోత్ సైడ్స్ నౌ' రెండుసార్లు వినండి, ఒకటి 1969ది, ఇంకోటి 2000ది. మొదటిదాంట్లో పాతికేళ్ల అమ్మాయి, రెండోదాంట్లో సిగరెట్ల పొగలో బరువెక్కిన గొంతు, వెనక ఆర్కెస్ట్రా. పాట రాసింది అసలు ఆ రెండో గొంతు కోసమే అనిపిస్తుంది నాకు. 2015లో మెదడులో రక్తనాళం చిట్లాక ఆవిడ నడవడం దగ్గర్నుంచి అన్నీ మళ్లీ నేర్చుకున్నారు. గిటార్ మీద వేళ్లు ఎక్కడ పెట్టాలో తన పాత వీడియోలు చూసి తెలుసుకున్నారు. 2022 జూలైలో న్యూపోర్ట్ ఫోక్ ఫెస్టివల్‌లో స్టేజీ మీద నిలబడి గిటార్ వాయించారు. మీరు కూడా ఇవాళ్టినుంచి సాధన చేసేటప్పుడు ఎడమచేయి కనిపించేలా ఫోన్ పెట్టుకుని రికార్డు చేసుకోండి. నెల తర్వాత ఏ షేప్ మరిచిపోయినా మీకు మీరే మాస్టారు.

ఈ వారం సాధన

కిందటి వారం పాటనే తీసుకోండి. పైకప్పు, కింది హద్దు రెండూ రాసుకున్నాక, మొదటి మూడు రోజులు డి, జి, ఏ7తో పాడండి. తర్వాత రెండు రోజులు అదే శ్రుతిని ఇంకో పద్ధతిలో తెచ్చుకోండి: తీగలు ఒక టోన్ దించి పాత ఇ, ఏ, బి7 షేప్స్‌తో. రెండింటినీ ఫోన్‌లో రికార్డు చేసి పక్కపక్కన వినండి. శ్రుతి ఒకటే, మోత మాత్రం వేరు. ఏది మీ గొంతుని కప్పేస్తోంది, ఏది మోస్తోంది అన్నది చూసుకుని ఒకటి ఎంచుకోండి. తెలుగు పాట మీదా ఇదే లెక్క వేసి చూడొచ్చు, మూడు కార్డ్స్‌ది దొరికితే చాలు.

ఏడో పాఠం వేగం గురించి. ఎరిక్ క్లాప్టన్ 1970లో ఉరకలెత్తించిన 'లేలా'ని 1992 'అన్‌ప్లగ్డ్'లో ఎలా నడిపించారో లయ లెక్కలతో చూద్దాం. మెట్రోనోమ్ యాప్ ఒకటి ఫోన్‌లో వేసుకుని ఉండండి.