షట్‌డౌన్ తర్వాత స్టార్టప్: ప్యానెల్ ఆపరేటర్లకు జాగ్రత్తలు

ప్లాంట్ నిలకడగా నడిచేటప్పుడు ఆటోమేటిక్ కంట్రోల్ తన పని తాను చేసుకుపోతుంది. అసలు టెన్షన్ స్టార్టప్‌లోనే, అంటే ఆపేసిన ప్లాంట్‌ను మళ్లీ నడిపించేటప్పుడే. సిస్టమ్‌లోని రూల్స్ చాలావరకు మామూలు పరిస్థితికి రాసినవి. స్టార్టప్‌లో లెవెల్స్, ప్రెషర్లు ఆ హద్దుల్లో ఉండవు. ఏ రీడింగ్‌ను నమ్మాలో, ఎప్పుడు మాన్యువల్‌లో పెట్టాలో తేల్చుకోవాల్సింది మీరే.

ముందుగా, స్క్రీన్ మీది అంకె ఎక్కడి నుంచి వస్తోందో తెలుసుకోండి. 2005 మార్చి 23న అమెరికాలోని టెక్సస్ సిటీ రిఫైనరీలో జరిగింది స్టార్టప్ ప్రమాదమే. అక్కడ ద్రవాలను వేరుచేసే టవర్ ఎత్తు సుమారు 170 అడుగులు. లోపలి ద్రవం ఎంత ఎత్తున ఉందో స్క్రీన్‌కు పంపే లెవెల్ ట్రాన్స్‌మిటర్ కొలవగలిగింది అడుగున కొన్ని అడుగుల మేరకే. గంటల తరబడి ఫీడ్ (వేరుచేయాల్సిన ద్రవం) లోపలికి వెళ్తూనే ఉంది, బయటికి పోయే దారి మాత్రం మూసి ఉంది. టవర్ నిండిపోతుంటే స్క్రీన్ మీద లెవెల్ మెల్లగా తగ్గుతున్నట్టు కనిపించింది. విడిగా పెట్టిన హై లెవెల్ అలారం మోగలేదు. పేలుడులో 15 మంది చనిపోయారు. అందుకే ఒక్క రీడింగ్‌తో సరిపెట్టుకోకండి. ఎంత లోపలికి వెళ్లింది, ఎంత బయటికి వచ్చింది అని గంటగంటకూ లెక్క చూడండి. తేడా వస్తే ఫీల్డ్ ఆపరేటర్‌ని పంపి సైట్ గ్లాస్ (లోపలి లెవెల్ నేరుగా కంటికి కనిపించే గాజు) చూపించండి. అది మురికి పట్టి ఉంటే స్టార్టప్‌కు ముందే శుభ్రం చేయించాలి.

వాల్వ్ దీపాలతోనూ జాగ్రత్త. 1979లో త్రీ మైల్ ఐలాండ్ అణు కేంద్రంలో ప్యానెల్ మీది దీపం ఆరిపోయింది. వాల్వ్‌ను మూయమని ఆదేశం వెళ్లిందనే దానికి అర్థం. వాల్వ్ మాత్రం తెరుచుకునే ఉండిపోయింది. మీ ప్యానెల్లో ఏ దీపం ఆదేశాన్ని చూపుతుందో, ఏది వాల్వ్ అసలు స్థితిని చూపుతుందో ఇప్పుడే కనుక్కోండి.

ప్రమాదం ముంచుకొస్తే తనంతట తానే పని ఆపే ఇంటర్‌లాక్‌ను బైపాస్ చేస్తే, అంటే తాత్కాలికంగా పనిచేయకుండా పెడితే, ఎవరి అనుమతితో, ఎందుకు, ఎప్పటివరకు అన్నది లాగ్‌బుక్‌లో రాయండి. షిఫ్ట్ మారేటప్పుడు నోటితో కూడా చెప్పండి.

అలారాలు ఒక్కసారిగా మోగితే ముందు చూడాల్సిన నాలుగైదు రీడింగ్‌లేవో కాగితం మీద రాసి ఎదురుగా పెట్టుకోండి.

ఇంకొకటి, నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది: ఏ హద్దు దాటితే ఆపేయాలో స్టార్టప్ మొదలవకముందే సూపర్‌వైజర్‌తో కూర్చుని ఖాయం చేసుకోండి. పని మధ్యలో ‘ఇంకో పది నిమిషాలు చూద్దాం’ అనిపించడం సహజం. ఆ హద్దు దాటాక ఎవరినీ అడగకుండానే ప్యానెల్ ఆపరేటర్ ఆపేయొచ్చని రాతపూర్వకంగా తీసుకోండి.