ఆర్‌వీ ఒక్కరే నడుపుతారా? ఎమర్జెన్సీకి ఇలా రెడీ అవ్వండి

ఆర్‌వీలో (లోపలే ఉంటూ తిరిగే ఇల్లులాంటి పెద్ద బండి) వెళ్లే ఇద్దరిలో ఒకరికే దాని డ్రైవింగ్ వస్తే రెండోవాళ్లు ఫుల్‌గా నేర్చుకోకపోయినా పర్లేదు గానీ, బండిని పక్కకి తీసి ఆపడం మాత్రం కచ్చితంగా రావాలి. ఖాళీ గ్రౌండ్‌లో ప్రాక్టీస్ చేయండి: హజార్డ్ లైట్లు, బ్రేక్, పార్కింగ్ బ్రేక్, ఇంజిన్ ఆఫ్. ఎయిర్ బ్రేకులున్న పెద్ద బండైతే డ్యాష్‌బోర్డ్ మీద పసుపు నాబ్ ఉంటుంది, బండి పూర్తిగా ఆగాక దాన్ని బయటికి లాగితే పార్కింగ్ బ్రేక్ పడుతుంది, నొక్కితే వదులుతుంది. ఇది వింటే చాలదండీ, స్వయంగా చేత్తో చేసి చూడాలి, లేకపోతే కంగారులో అస్సలు గుర్తుకురాదు.

అంబులెన్స్‌కి ఫోన్ చేస్తే ఎక్కడున్నారని ముందే అడుగుతారు, అందుకే ఎక్కడ ఆగినా అడ్రస్, సైట్ నంబర్ (క్యాంప్‌గ్రౌండ్‌లో మీ బండి ఆపిన చోటు నంబర్) రాసి తలుపు దగ్గర అంటించండి. ఇద్దరి మందులు, డోసులు, అలర్జీలు కూడా అదే కాగితం మీద.

వెనక కారు లాక్కెళ్తుంటే దాన్ని విప్పడం ఇద్దరికీ రావాలి, హాస్పిటల్‌కి వెళ్లడానికి అదే దిక్కు. రోడ్‌సైడ్ అసిస్టెన్స్ వాళ్లని, మీ సైజు ఆర్‌వీని టో చేస్తారా, నడిపేవాళ్లు హాస్పిటల్లో ఉంటే బండి ఇంటికి చేర్చడానికి డ్రైవర్‌ని పంపిస్తారా అని ప్లాన్ కొనకముందే అడగండి. బండి ఎత్తు, పొడవు, బరువు రాసి డ్యాష్ మీద పెట్టండి, వచ్చిన డ్రైవర్‌కి ముందు కావాల్సింది అవే.