పదివేలతో ప్రతి గుంపుకీ ఒక ప్రయోగం

మీ బడికి సైన్సు కోసం పదివేలు వచ్చాయనుకోండి. మొట్టమొదట చేయాల్సిన పని పాఠ్యపుస్తకం, పెన్సిలు పట్టుకుని కూర్చోవడం. దుకాణం వాళ్ల కేటలాగు ఆ తర్వాతే. నేను నల్లగొండ జిల్లాలో ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో ఫిజికల్ సైన్సు చెబుతాను. చిన్న మొత్తాలు ఎలా ఖర్చయితే వస్తువు పిల్లల చేతికి అందుతుందో, ఎలా ఖర్చయితే బీరువాలోకి వెళ్లిపోతుందో దగ్గరగా చూశాను కాబట్టి ఇది రాస్తున్నాను.

నేను పాటించే సూత్రం ఒక్కటే. ఖరీదైన పరికరం ఒకటి కొనే డబ్బుతో చవకైన వస్తువు ఎనిమిది కొనాలి. నలభై మంది ఉన్న క్లాసులో ఐదుగురికొక గుంపు చేస్తే ఎనిమిది గుంపులవుతాయి. ఒకే పరికరాన్ని టేబుల్ మీద పెట్టి మనమే చేసి చూపిస్తే ముందు వరసకి మాత్రం కనబడుతుంది. చివరి బెంచీలో కూర్చున్న అమ్మాయి అమ్మీటరు ముట్టుకోకుండానే టెన్త్ పాసైపోతుంది. 1972లో మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో 16 బడులతో మొదలైన సైన్సు కార్యక్రమం కూడా ఇదే పట్టుబట్టింది: పిల్లలు గుంపులుగా తామే ప్రయోగం చేయాలి, దానికి కావలసిన కిట్టు చవకగా ఉండాలి. అది 2002 దాకా నడిచింది. మనం కొత్తగా కనిపెట్టాల్సిందేమీ లేదు.

పెన్సిలుతో పుస్తకంలోని కృత్యాలన్నీ గుర్తు పెట్టుకుంటూ వెళ్లండి. పసుపు, మందార పూలు, నిమ్మరసం, తినే సోడా, ప్లాస్టిక్ సీసాలతో అయిపోయే వాటి పక్కన సున్నా పెట్టండి. అవి పిల్లల ఇళ్ల నుంచే వస్తాయి. క్లాసు మొత్తానికి ఒకటి సరిపోయేవి, టీచరే చేయాల్సిన ప్రమాదకరమైనవి పక్కన పెట్టండి. మిగిలినవి, అంటే కొనకపోతే జరగనివి, ప్రతి గుంపూ సొంతంగా చేస్తేనే బుర్రకెక్కేవి, మీ డబ్బు వెళ్లాల్సిన చోటు అదే. టెన్త్‌లో నాకు అలా తేలేవి నాలుగు: పుటాకార దర్పణం, కుంభాకార కటకం, ఓమ్ నియమం, తీగలో కరెంటు పారితే దిక్సూచి ముల్లు కదలడం. చివరిది 1820లో డెన్మార్క్ శాస్త్రవేత్త ఆయర్‌స్టెడ్ చూసింది. ఒక సెల్లు, ఒక తీగ, ఒక దిక్సూచి ఉంటే చాలు.

ఓమ్ నియమం గురించి కొంచెం ఎక్కువ చెప్తాను, ఎందుకంటే డబ్బు ఎక్కువ వృథా అయ్యేది, బాగా ఆదా అయ్యేది కూడా ఇక్కడే. ల్యాబ్ సామాన్ల దుకాణంలో అమ్మీటరు, వోల్ట్‌మీటరు, రియోస్టాటు, బ్యాటరీ ఎలిమినేటరు ఒక సెట్టు కొనే ధరకి చిన్న డిజిటల్ మల్టీమీటర్లు బోలెడు వస్తాయి. ఒక్కోటి రెండొందలు అటూఇటుగా దొరుకుతుంది. హైదరాబాద్ వెళ్లేవాళ్లుంటే కోఠి గుజరాతీ గల్లీలో తెప్పించుకోండి. గుంపుకి రెండు కావాలి, ఒకటి కరెంటుకి, ఒకటి వోల్టేజీకి.

నిరోధం కోసం ఎలక్ట్రికల్ షాపులో దొరికే హీటర్ కాయిల్ తీసుకోండి, అది నిక్రోమ్ తీగే. 230 వోల్టుల దగ్గర 1000 వాట్ల కాయిల్ అంటే నిరోధం సుమారు 53 ఓములు. ఈ లెక్క పిల్లల చేతే కట్టించండి, పాఠంలో సగం అక్కడే అయిపోతుంది. కాయిల్‌ని సగానికి కత్తిరిస్తే 26 ఓములు వస్తుంది. 1.5 వోల్టుల సెల్లు ఒకటి పెడితే 57 మిల్లీ ఆంపియర్లు, రెండు పెడితే 113, మూడు పెడితే 170 దాకా రావాలి. అంటే మల్టీమీటరు 200 మిల్లీ ఆంపియర్ల రేంజిలోనే పని జరిగిపోతుంది. సెల్లు కొంచెం పాతదైతే అంకెలు తగ్గుతాయి. తగ్గనివ్వండి, వోల్టేజీకీ కరెంటుకీ మధ్య నిష్పత్తి నిలబడుతుందో లేదో చూడటమే ప్రయోగం. అయిపోయాక కాయిల్ తీసేసి టార్చి బల్బు పెట్టించండి, కానీ అప్పుడు మీటరు మీద రేంజి తిప్పే నాబ్‌ను 10 ఆంపియర్లకి మార్చి, ఎర్ర తీగను ఆ రంధ్రంలో పెట్టించండి. బల్బులో తీగ వేడెక్కి నిరోధం పెరుగుతుంది కాబట్టి గ్రాఫు గీత వంగుతుంది. ఎందుకు వంగిందని వాళ్లే అడుగుతారు.

మల్టీమీటర్ల విషయంలో ఒక జాగ్రత్త. కరెంటు కొలిచే రేంజిలో ఉంచి నేరుగా సెల్లుకి తగిలిస్తే లోపలి ఫ్యూజు పోతుంది. పిల్లలు తప్పకుండా తగిలిస్తారు. మీటర్లతో పాటే 200 మిల్లీ ఆంపియర్ల ఫ్యూజులు ఒక ప్యాకెట్ కొని ఉంచండి. మార్చడం కూడా పిల్లలకే నేర్పండి. 10 ఆంపియర్ల రంధ్రానికి చవక మీటర్లలో ఫ్యూజు ఉండదు, అందుకే బల్బు అంకెలు రాసుకోగానే తీగను మళ్లీ మామూలు రంధ్రానికి మార్పించండి. ఇంటి కరెంటు ప్లగ్గు దగ్గరికి ఈ మీటర్లు ఎట్టి పరిస్థితుల్లోనూ వెళ్లకూడదు.

ఇక లెక్క. పదహారు మీటర్లకి 3200. సెల్లులు, హోల్డర్లు, మొసలి క్లిప్పుల తీగలు, నాలుగు కాయిల్స్, ఫ్యూజులకి కలిపి 1900 లోపు. కటకాలు, దర్పణాలు ఎనిమిదేసి, దిక్సూచిలు పదహారు కలిపి 1300. మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలు ఎనిమిదికి 500. లిట్మస్, జింకు ముక్కలు, మెగ్నీషియం రిబ్బన్, సజల ఆమ్లానికి వెయ్యి. ధరలు ఊరిని బట్టి మారతాయి, అయినా ఎనిమిది వేల దగ్గర ఆగుతుంది. మిగిలిన రెండు వేలు ముట్టుకోకండి. అవి డిసెంబరులో సెల్లులకి, ఫ్యూజులకి, అయిపోయిన రసాయనాలకి. ఈ రెండు వేలు ఉంచుకోని బడిలో ప్రయోగాలు మొదటి మూడు నెలలతో ఆగిపోతాయి.

కొనేటప్పుడు కొట్లోనే పరీక్షించండి. కటకాన్ని కిటికీకి ఎదురుగా పట్టుకుని వెనక తెల్లకాగితం పెడితే బయటి చెట్టు తలకిందులుగా పడుతుంది, కటకం నుంచి కాగితం దాకా స్కేలుతో దూరం కొలవండి, అదే నాభ్యంతరం. 10 సెంటీమీటర్లని రాసి ఉన్నవి 15 వస్తుంటాయి. దిక్సూచిలన్నీ దూరదూరంగా పెట్టి ఒకే దిక్కు చూస్తున్నాయో లేదో చూడండి. అయస్కాంతాల పక్కన నిల్వ ఉంచినవాటికి ఉత్తరం, దక్షిణం తిరగబడిపోతాయి. మీ బడిలోనూ వాటిని అయస్కాంతాలతో ఒకే డబ్బాలో పెట్టొద్దు.

డబ్బు ఎక్కడి నుంచి? సమగ్ర శిక్ష అనే ప్రభుత్వ పథకం కింద కాంపోజిట్ స్కూల్ గ్రాంటు ఉంది. నిబంధన ప్రకారం 31 నుంచి 100 మంది పిల్లలుంటే ఏడాదికి 25,000, 250 దాకా ఉంటే 50,000, వెయ్యి దాకా 75,000. అందులో పదోవంతు శుభ్రతకి పోతుంది. సుద్దముక్కల నుంచి కరెంటు బిల్లు దాకా మిగతాదంతా దాంట్లోంచే కాబట్టి సైన్సు వాటా ఎవరూ పిలిచి ఇవ్వరు. జూన్‌లోనే మీ జాబితా హెచ్ఎం (ప్రధానోపాధ్యాయులు) గారికి ఇచ్చి, బడి కమిటీ తీర్మానంలో రాయించండి. గ్రాంటు ఆలస్యంగా వచ్చి మార్చి 31 లోపు ఖర్చు పెట్టాలని హడావుడి మొదలయ్యే రోజున, సిద్ధంగా జాబితా ఉన్నవాళ్ల సామానే కొంటారు.

పిల్లల కొత్త ఆలోచనలకి ప్రభుత్వం ఇచ్చే ఇన్‌స్పైర్ మానక్ పదివేలు వేరు. బడి నుంచి ఐదుగురు పిల్లల ఆలోచనలు పంపవచ్చు, ఎంపికైతే డబ్బు ఆ విద్యార్థి బ్యాంకు ఖాతాలోకే వస్తుంది. అది ఆ బిడ్డ నమూనా తయారీకి వచ్చిన సొమ్ము. దాంతో ల్యాబ్ సామాను కొనాలని చూడటం అన్యాయం.

పూర్వ విద్యార్థుల సంగతి నాకు చాలా ఇష్టం. ప్రతి టెన్త్ బ్యాచికీ ఒక వాట్సాప్ గ్రూపు ఉంటుంది, దసరాకో సంక్రాంతికో ఊరొస్తారు. "ల్యాబ్‌కి సాయం చేయండయ్యా" అంటే తల ఊపి వెళ్తారు. అడగాల్సింది ఇలా: "టెన్త్‌లో 40 మంది ఉన్నారు. ఓమ్ నియమం ప్రయోగం ప్రతి గుంపూ సొంతంగా చేయడానికి 16 మల్టీమీటర్లు, సెల్లులు, తీగలు కావాలి. మొత్తం 5,100. జనవరిలో ఆ పాఠం చెబుతాం, పిల్లలు గీసిన గ్రాఫులు మీకు పంపిస్తాం." ఎక్కడ అడిగినా, ఏ సంస్థకి దరఖాస్తు రాసినా ఈ నాలుగు ముక్కలే సరిపోతాయి: ఏ పాఠం, ఎంతమంది, ఏం కావాలి, ఎంతవుతుంది. ఒక పేజీ దాటనివ్వకండి. ఇచ్చినవాళ్లకి నిజంగానే గ్రాఫులు పంపండి. చెక్కు పట్టుకుని నిలబడ్డ ఫొటో కంటే పెన్సిలుతో దిద్దుకున్న ఆ కాగితం చూసినప్పుడే తమ డబ్బు ఏమైందో వాళ్లకి తెలుస్తుంది.

బిల్లులు తేదీతో, హెచ్ఎం హోదా పేరు మీద తీసుకోండి. అరిగిపోయేవి ఒక స్టాక్ రిజిస్టరులో, నిలిచేవి ఇంకోదాంట్లో ఎక్కించండి. ఏటా కొన్ని వస్తువులు వాడకంలో పగులుతాయని, పగిలినవి రాసి సంతకంతో కొట్టేయొచ్చని కమిటీ తీర్మానంలో ముందే పెట్టించండి. ఇది చాలా ముఖ్యం. సామానుకి తాళం పడేది ఆడిట్ భయంతోనే. ఆ భయం పోతే డబ్బాలు క్లాసులోకి వస్తాయి.

డబ్బాలకి ఒకటి నుంచి ఎనిమిది దాకా నంబర్లు వేసి, లోపల ఏమేం ఉన్నాయో మూత మీద అంటించండి. గుంపులో ఒకరు తీసుకోవాలి, ఒకరు లెక్కచూసి తిరిగివ్వాలి. ఈ పనులు వారానికోసారి మారాలి, లేదంటే తీగలు కలిపేది ఎప్పుడూ మగపిల్లలే, అంకెలు రాసుకునేది ఎప్పుడూ ఆడపిల్లలే అవుతారు. ఒక పీరియడ్‌లో ఇవన్నీ పట్టవు, వారానికి ఒకసారి రెండు పీరియడ్లు పక్కపక్కనే వచ్చేలా టైంటేబుల్ అడిగి వేయించుకోండి. గాఢ ఆమ్లాన్ని పలుచన చేయడం మాత్రం టీచరు పనే. నీళ్లలో ఆమ్లం కొంచెం కొంచెంగా పోయాలి, ఆమ్లంలో నీళ్లు ఎప్పుడూ పోయకూడదు.

రెండో ఏడాది మళ్లీ పదివేలు వస్తే ఫిజికల్ సైన్సుకి వెయ్యి, పదిహేనొందలు చాలు, సెల్లులు, ఫ్యూజులు, రసాయనాలు మాత్రమే కొనాలి. మిగతాది బయాలజీ టీచరు గారికి ఇచ్చేయండి. ఆవిడ కూడా అదే పెన్సిలుతో తన పుస్తకం ముందేసుకుని మొదలుపెట్టాలి.