జిమ్‌లో లేచింది, పోటీలో లేవలేదు: 40 దాటిన రా లిఫ్టర్లు వయసును తిట్టుకునే ముందు చూడాల్సినవి

జిమ్‌లో 170 కిలోల డెడ్‌లిఫ్ట్ తీసిన మనిషికి పోటీలో 160 కూడా మోకాళ్లు దాటదు. పవర్‌లిఫ్టింగ్ అంటే స్క్వాట్, బెంచ్ ప్రెస్, డెడ్‌లిఫ్ట్ పోటీ; బిగుతు సూట్ల సాయం లేకుండా ఎత్తేది ‘రా’. అందులో 40 దాటినవాళ్లు ఆడే మాస్టర్స్ విభాగంలో దీనికి అందరూ చెప్పేది ఒకటే: వయసు మీదపడింది. విశాఖలో గాజువాక నుంచి ఎంవీపీ కాలనీ దాకా ఎక్కడ అడిగినా ఇదే మాట. కానీ వయసు ఏడాదికి కొంత చొప్పున బలం తీసుకెళ్తుంది, ఒక్క పూటలో పది కిలోలు పట్టుకుపోదు. పోయిన నెల లేచింది ఈ నెల లేవలేదంటే వెతకాల్సిన చోటు వేరే ఉంది.

బరువు లేచింది, ఎర్ర లైట్లు పడ్డాయి

ఎర్ర లైటు అంటే రిఫరీ లిఫ్ట్ చెల్లదన్నట్టు. ఇది బలం సమస్య కాదు. స్క్వాట్‌లో లోతు తగ్గి ఉంటుంది, లేదా రిఫరీ కమాండ్ రాకముందే కదిలి ఉంటారు. అంతర్జాతీయ పవర్‌లిఫ్టింగ్ సమాఖ్య (ఐపీఎఫ్) నిబంధన ప్రకారం స్క్వాట్‌లో తుంటి దగ్గర తొడ పైభాగం, మోకాలి పైభాగం కన్నా కిందికి దిగాలి. ఫోన్‌ని మోకాలి ఎత్తులో, సరిగ్గా పక్క నుంచి పెట్టి వీడియో తీయండి. ఎదురుగానో ఏటవాలుగానో తీసిన వీడియో లోతు విషయంలో పనికిరాదు. బెంచ్ ప్రెస్‌లో 2023 నుంచి మోచేయి అడుగుభాగం భుజం కీలు పైభాగానికి సమానంగానో, ఇంకా కిందికో రావాలి. ఆర్చ్ (నడుమును విల్లులా పైకి వంచడం) పెద్దగా పెట్టేవాళ్లు ఇక్కడే దొరికిపోతున్నారు. పోటీకి ముందు ఆరు వారాలు ఎవరైనా ఒకరు పక్కన నిలబడి రిఫరీలా స్టార్ట్, ప్రెస్, ర్యాక్ అని పిలవాలి. పాత దెబ్బ వల్ల మోచేయి పూర్తిగా చాచలేనివాళ్లు ఆ సంగతి ప్రయత్నానికి ముందే రిఫరీలకు చెప్పి, చూపించాలి. తర్వాత చెబితే ఎవరూ వినరు.

ఓపెనరే (మొదటి ప్రయత్నమే) కొండలా ఉంది

నిద్ర, తిండి, నైట్ షిఫ్ట్ అన్నీ చూసుకుంటారు. ఎవరూ చూడనిది జిమ్‌లోని ఇనుము. ఆ బార్ నిజంగా ఎంత ఉంది, ఆ ప్లేట్లు నిజంగా ఎంత ఉన్నాయి? కాటా మీద పెట్టి చూసినవాళ్లు చాలా తక్కువ.

పోటీలో బార్ 20 కిలోలు, ప్లేట్లు జారకుండా బిగించే కాలర్లు ఒక్కొక్కటి రెండున్నర, మొత్తం 25. ప్లేట్ తన మీద రాసిన బరువుకి పావు శాతం కన్నా ఎక్కువ తేడా ఉండకూడదు. మామూలు జిమ్ ప్లేట్‌కి ఈ నియమం ఏదీ లేదు. పోతపోసిన ఇనుమును మళ్లీ అరగదీసి తూకం సరిచేయరు కాబట్టి 25 అని రాసిన ప్లేట్ 24 ఉండొచ్చు, పక్కనున్నది 25న్నర ఉండొచ్చు. రబ్బరు పూత ఉన్నవాటిలోనూ ఈ తేడాలుంటాయి. బార్ ఇంకా మోసం చేస్తుంది. పోటీ బార్ దాదాపు ఏడడుగులు, అంటే 2.2 మీటర్లు. ఆరడుగుల బార్‌ని కూడా అందరూ 20గానే లెక్కేస్తారు, అది అంత ఉండదు.

లెక్క వేసి చూడండి. బార్ అసలు బరువు 17, ఒక్కో వైపు మూడు 25ల ప్లేట్లు, ఒక్కోటి అసలు 24. మీరు 170 అనుకుంటున్నది 161. 170ని నమ్మి ఓపెనర్ 155 ఇచ్చారు, 91 శాతం అనుకున్నారు. నిజానికి అది 96 శాతం, రెండో ప్రయత్నంలో రావాల్సిన బరువు. ఆపై 162న్నర అడిగితే మీ జీవితంలో ఎప్పుడూ ఎత్తని బరువు అడిగినట్టే. వయసు చేసిందేమీ లేదు, కాటా వేయకపోవడం చేసింది.

తూకం ఇలా వేయండి. లగేజీ తూచే చిన్న డిజిటల్ కాటా, 50 కిలోల వరకు చూపేది, చాలు. ముందు దాన్నే పరీక్షించాలి. పూర్ణా మార్కెట్‌లోనో మీ వీధి చివరో పాత త్రాసు వాడే కొట్టు ఉంటే, తూనికలు కొలతల శాఖ ముద్ర ఉన్న 10 కిలోల రాయిని దానికి తగిలించి చూడండి. తర్వాత బార్‌కి సరిగ్గా మధ్యలో పట్టీ కట్టి వేలాడదీయండి. ప్లేట్లు ఒక్కొక్కటే తూచి, అసలు బరువు లోపలి వైపు పెయింట్‌తో రాయండి. అన్నీ తూచే ఓపిక లేకపోతే మీరు భారీ సెట్లకు వాడే ఎనిమిదింటినైనా తూచండి. బీచ్ రోడ్డు వైపు జిమ్‌లలో ఉప్పుగాలికి తుప్పు పెచ్చులు రాలుతుంటాయి, కానీ అలా పోయేది కొన్ని గ్రాములే. తేడా అంతా పోతలోనే ఉంటుంది.

బరువులు తెలిశాక జతలు కలపండి. స్క్వాట్‌లో బార్ కుడివైపు వంగుతోందని తుంటికి ఎక్స్‌రే తీయించుకునేవాళ్లున్నారు. ముందు రెండు వైపుల ప్లేట్లనూ అటుదిటు మార్చి ఎత్తండి. వంపు కూడా వైపు మారితే తప్పు ప్లేట్లది, మారకపోతే అప్పుడు ఫిజియో దగ్గరికి వెళ్లండి.

తూకం సరిగ్గానే ఉండి డెడ్‌లిఫ్ట్ మాత్రమే నేల నుంచి కదలకపోతే టేపు తీయండి. పోటీలో పెద్ద ప్లేట్ వ్యాసం 45 సెంటీమీటర్లు, కాబట్టి బార్ మధ్యభాగం నేలకి ఇరవై రెండున్నర సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుంది. మీ జిమ్‌లో ప్లేట్ల కింద రబ్బరు మ్యాట్, మీ పాదాల కింద గచ్చు ఉంటే, ఆ మ్యాట్ మందం మేరకు బార్ పైకి లేచే ఉంది. నడుము పట్టేసే వయసులో ఆ రెండు సెంటీమీటర్లు చిన్న విషయం కాదు. పాదాల కింద కూడా అంతే మందం మ్యాట్ వేసుకోండి.

ఓపెనర్ ఎప్పుడూ అసలు బరువు మీదే లెక్కేయాలి. నిద్ర సరిగా లేని రోజున కూడా మూడు రెప్స్ తీయగలిగేది, అంటే 90 శాతం చుట్టుపక్కల.

స్క్వాట్ బాగుంది, బెంచ్‌లో భుజం పట్టేసింది

జిమ్‌లో స్క్వాట్ ఒక రోజు, బెంచ్ ఇంకో రోజు. పోటీలో రెండూ ఒకే పూట. లో-బార్‌లో (స్క్వాట్‌లో బార్‌ని వీపు మీద కాస్త కిందికి పెట్టుకునే పద్ధతిలో) చేతులు దగ్గరగా పెట్టి బార్‌ని బిగించి పట్టుకుంటే, భుజం ముందుభాగం, మోచేయి బెంచ్‌కి ముందే అలిసిపోతాయి. చేతులు రెండు మూడు వేళ్ల వెడల్పు బయటికి జరపండి, బొటనవేలు బార్ పైనుంచి వేయండి. మూడు వారాలకు ఒకసారైనా స్క్వాట్, బెంచ్, డెడ్‌లిఫ్ట్ ఇదే వరుసలో ఒకే రోజు చేయండి.

వార్మప్‌లో తేలిక, ప్లాట్‌ఫాం మీద బిగుసుకుపోయాం

తొందరపడి ముందే ముగించారు, ఆపై ఏసీ హాల్లో కుర్చీలో కూర్చున్నారు. పన్నెండు మంది గ్రూపులో ఒక రౌండ్‌కి పావుగంట దాకా పడుతుంది. మీకు ముందు ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టి, చివరి వార్మప్ మీ ప్రయత్నానికి ఐదారు నిమిషాల ముందు పడేలా చూసుకోండి. మోకాలి స్లీవ్స్ మీద ప్యాంటు వేసుకునే కూర్చోండి.

కళ్లు తిరిగాయి

కేటగిరీ కోసం మీ ఒంటి బరువు తూచడం పోటీకి రెండు గంటల ముందే మొదలవుతుంది. ఆ కాస్త వ్యవధిలో ఒంట్లో నీళ్లు తిరిగి నిలవవు. విశాఖ ఉక్కపోతలో 83 కిలోల కేటగిరీలోకి దూరడానికి రెండు రోజులు నీళ్లు మానేయడం యాభై దాటినవాళ్లు చేయకూడని పని. ఉన్న బరువులోనే ఆడండి.

బీపీ మాత్ర వాడేవాళ్లు ఆ స్ట్రిప్ వెనుక చదవండి. హైడ్రోక్లోరోథయాజైడ్, క్లోర్‌థాలిడోన్ లాంటి మూత్రం ఎక్కువ పోయించే మందులు ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ (వాడా) నిషేధిత జాబితాలో ఉన్నాయి. మాత్ర పేరు చివర హెచ్ అక్షరం ఉంటే హైడ్రోక్లోరోథయాజైడ్ కలిపి ఉండే అవకాశం ఎక్కువ. ఇన్సులిన్ కూడా జాబితాలో ఉంది. సొంతంగా మానేయకండి. డాక్టర్‌తో మాట్లాడి మందు మార్పించుకోండి, కుదరకపోతే చికిత్సా మినహాయింపుకి మన దేశపు డోపింగ్ నిరోధక సంస్థ నాడాకి చాలా ముందుగానే దరఖాస్తు పెట్టండి.

మిగతావి

చేతి చెమటకి బార్ జారుతోందంటే చాక్ డబ్బా మూత తెరిచి ఉంచుతున్నారు, తేమ పట్టి ముద్దయింది. తొడలకి పౌడర్ మీరే రాసుకుంటే అది అరచేతికి అంటుతుంది, ఇంకొకరితో రాయించుకోండి. బెల్ట్ 10 సెంటీమీటర్ల వెడల్పు, 13 మిల్లీమీటర్ల మందం దాటితే, మోకాలి స్లీవ్స్ మందం 7 మిల్లీమీటర్లు దాటితే తనిఖీలోనే పక్కన పెట్టిస్తారు. బూట్లు, కొత్త సింగ్లెట్ (పోటీలో వేసుకునే ఒంటి దుస్తు) వల్ల లిఫ్ట్ పోవడం అరుదు, వాటి మీద సమయం పెట్టకండి. ఛాతీలో నొప్పి, ఎడమ చేతిలో లాగుడు వస్తే మాత్రం ఇందులో ఏదీ వెతకొద్దు, బార్ వదిలేసి ఆసుపత్రికి వెళ్లండి.